ఆ వినతిపత్రం మీద నేనెందుకు సంతకం పెట్టలేదంటే



పోయిన ఆదివారం మీటింగ్‌లో రైలు వినతిపత్రం చదివి వినిపించాక కాగితం చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. నేను సంతకం పెట్టకుండా పక్కాయనకు అందించాను. కొందరికి కోపమొచ్చింది. "ఏందే, ఊరికి రైలొద్దా నీకు?" అని ఒకాయన మొఖం మీదనే అడిగిండు. అక్కడ పంచాయితీ ఎందుకని "గ్రూపులో రాస్తానే" అని లేచి వచ్చాను. రాస్తున్నాను. పొడుగైతే తిట్టుకోకండి, చాయ్ పెట్టుకుని కూర్చోండి.

అందులో నాలుగు కోరికలున్నాయి. ముంబై నుంచి కరీంనగర్‌కు రోజూ బండి కావాలి. స్పెషల్ పేరుతో నడిచే బండిని పర్మనెంట్ చేయాలి. నాలుగోది జనరల్ డబ్బాలు పెంచాలని. ఈ మూడింటికీ రెండు చేతులా సంతకం పెడతాను. నా పేచీ మూడోదానితోనే: "పెద్దపల్లి – నిజామాబాద్ లైన్ మీద పగటిపూట గూడ్సు బండ్లను పూర్తిగా ఆపి, ఆ సమయాన్ని ప్రయాణికుల రైళ్లకే కేటాయించాలి." చదివినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం మన గొంతు మనమే కోసుకుంటున్నట్టు అనిపించింది.

కోపం నాకు తెలియనిది కాదు. మా నాయన సంవత్సరీకానికి పోతున్నప్పుడు ఆ లైన్ మీద ఒక చిన్న స్టేషన్‌లో బండి ఆగిపోయింది. మే నెల, చెట్టు లేదు, నీళ్లు లేవు. ముప్పావు గంట తర్వాత ఎదురుగా గూడ్సు వచ్చింది. ఏమీ తోచక డబ్బాలు లెక్కపెట్టాను, యాభై ఎనిమిది, వెనకాల గార్డు డబ్బా. మా చిన్నాన్న పిండం వదిలేసి నా కోసం ఎదురు చూస్తున్నాడు. ఆ పూట నేనూ గూడ్సును తిట్టాను. రాళ్లకున్న విలువ మనుషులకు లేదా అని తిట్టాను. అయితే ఆ తర్వాత, ఈ లైన్ మీద ఏం నడుస్తుంది, ఎందుకు నడుస్తుంది, మనకు బండి ఎందుకు దొరకదు అని నలుగురు తెలిసినవాళ్లను అడుగుతూ పోయాను. తిట్టవలసిన చోటు వేరే ఉందని తేలింది.

ఈ లైన్ కథ మీకు తెలిసిందే. 1993లో పీవీ నరసింహారావు గారు ప్రధానిగా ఉన్నప్పుడు శంకుస్థాపన. చివరి ముక్క పూర్తయి నిజామాబాద్ దాకా బండి నడిచింది 2017లో. నా పెళ్లప్పుడు రాయి వేశారు, బిడ్డ పెళ్లికి బండి వచ్చింది. సుమారు 177 కిలోమీటర్లకు ఇరవై నాలుగేళ్లు. ఇంత ఆలస్యానికి గూడ్సు బండి కారణం కాదు కదా. బడ్జెట్‌లో ఏటా ఇంత విదిలించి పనిని సాగదీసినవాళ్లు కారణం. పట్టాలు పూర్తి కాకముందు కూడా, అయిన ముక్క మీద కరీంనగర్ నుంచి పెద్దపల్లి దాకా సరుకు పోతూనే ఉంది. ఆ సరుకు లేకపోతే మిగతా ముక్క వేయడానికి ఇంకో ఇరవై ఏళ్లు సాకులు చెప్పేవాళ్లని నా అనుమానం.

ఏం సరుకు? కరీంనగర్, గంగాధర నుంచి గ్రానైట్ దిమ్మెలు కాకినాడ పోర్టుకు, అక్కడి నుంచి చైనాకు. మిల్లుల నుంచి ఎఫ్‌సీఐ బియ్యం పక్క రాష్ట్రాలకు. మక్కలు. లోపలికి వచ్చేదాంట్లో ముఖ్యమైనది యూరియా. రామగుండం దిక్కు నుంచి మహారాష్ట్రకు పోయే సరుకుకు కాజీపేట, సికింద్రాబాద్ చుట్టూ తిరగకుండా ఇదే దగ్గరి దారి.

ఇది సింగిల్ లైన్. ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్ దాకా ఒకసారి ఒక్క బండే ఉండాలి. ఎదురు బండి వస్తుంటే ఒకటి లూప్‌లో ఆగాల్సిందే. రైల్వే పద్ధతిలో ఎక్స్‌ప్రెస్‌కే ముందు దారి, గూడ్సును పక్కన పెడతారు. మన కళ్లముందు గూడ్సు పోయిన ఒక్కసారే మనకు గుర్తుంటుంది. మన కోసం గూడ్సు డ్రైవర్ మూడు గంటలు లూప్‌లో కూర్చున్నది మనకు కనపడదు, ఎందుకంటే అప్పుడు మనం పడుకుని ఉంటాం. గూడ్సు బండి ఏడు వందల మీటర్ల దాకా పొడుగు. దాన్ని పక్కన పెట్టేంత లూపు, పెట్టే సిబ్బంది ప్రతి స్టేషన్‌లో ఉంటే రెండూ నడుస్తాయి. లేకపోతే రెండూ ఆగుతాయి. కాబట్టి అడగాల్సింది లూపులు, స్టేషన్ మాస్టర్లు. బండ్లు ఆపమని కాదు.

ఇప్పుడు అసలు విషయం. ముంబైకి రోజూ బండి లేకపోవడానికి కరీంనగర్ దిక్కు ఖాళీ లేకపోవడం కాదు కారణం, ముంబై దిక్కు ఖాళీ లేకపోవడం. ఈ చివరన సీఎస్‌ఎంటీలో, కుర్లా టర్మినస్‌లో ప్లాట్‌ఫారాలు నిండిపోయి ఉన్నాయి. కళ్యాణ్ దాకా లోకల్ బండ్ల మధ్యలోంచి దారి దొరకాలి. కసారా ఘాట్‌లో ప్రతి ముప్పై ఏడు అడుగులకు ఒక అడుగు ఎత్తు, వెనకనుంచి ఇంకో ఇంజన్లు తగిలించి తోస్తేనే బండి ఎక్కుతుంది, అక్కడ వరుసలో నిలబడాలి. ఇదంతా సెంట్రల్ రైల్వే చేతిలో. అవతల మన్మాడ్ దాటాక సౌత్ సెంట్రల్. రెండు జోన్లు ఒప్పుకుంటేనే బండి. మన వినతిపత్రం పైన ఎవరి పేరు రాశారు? సికింద్రాబాద్‌లో ఉన్న సౌత్ సెంట్రల్ జనరల్ మేనేజర్ గారికి మాత్రమే. ఆయన గూడ్సులన్నీ రేపే ఆపేసినా కుర్లాలో మనకు ప్లాట్‌ఫారం రాదు. సెంట్రల్ రైల్వే హెడ్ ఆఫీసు మన నాగ్‌పాడా నుంచి బెస్ట్ బస్సులో ఇరవై నిమిషాలు, సీఎస్‌ఎంటీలోనే ఉంది. మనం మాత్రం ఏడు వందల కిలోమీటర్ల అవతలికి ఉత్తరం రాస్తున్నాం.

గూడ్సు పోతే లైన్‌కు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఊరికి పోనక్కర్లేదు. హార్బర్ లోకల్ ఎక్కండి.

మా తాత డాక్‌లో పనిచేశాడు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చినవాడు. అప్పటికి అక్కడ రైలు లేదు కాబట్టి నిజామాబాద్ దాకా ఎట్లనో చేరి అక్కడ చిన్న బండి ఎక్కేవాడు. నిజాం కాలంలో, 1900 ప్రాంతంలో వేసిన హైదరాబాద్ – గోదావరి వ్యాలీ మీటర్ గేజ్ అది. మన్మాడ్‌లో దిగి పెద్ద బండికి మారాలి. మనుషులే కాదు, సరుకూ మారాలి. చిన్న డబ్బాల్లోంచి మూటలు దించి పెద్ద డబ్బాల్లోకి ఎక్కించాలి. తాత బొంబాయి రాకముందు కొన్నాళ్లు ఆ పనే చేశాడట. "మనకు రైలు టికెట్ ఇచ్చింది మూటలే" అనేవాడు. ఆ మాట నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు.

బొంబాయిలో ఆయన పని పోర్ట్ ట్రస్ట్ రైల్వే గోదాముల్లో. 1915 జనవరి 1న మొదలైన లైన్. బల్లార్డ్ పియర్ నుంచి డాకుల వెంట వడాలా దాకా. పోర్టుకు సొంత ఇంజన్లు, సొంత యార్డులు. ఓడలోంచి దిగిన సరుకు అక్కడే డబ్బాల్లోకి ఎక్కి, వడాలా దగ్గర పెద్ద రైల్వేల చేతికి పోయేది. పత్తి బేళ్లకు వేరే డిపో, అదే కాటన్ గ్రీన్. ఇప్పుడు మన పిల్లలకు అది ఒక స్టేషన్ పేరు మాత్రమే. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలింది. పత్తి, మందుగుండు ఒకే ఓడలో నింపుకొచ్చారు. ఆ రోజు తాత డ్యూటీలో లేడు. ఉండి ఉంటే ఈ పోస్టు రాయడానికి నేనుండేవాణ్ణి కాదు. అంత పేలుడు తర్వాత కూడా డాకులు బాగు చేసుకున్నారు, లైన్ మళ్లీ నడిచింది. పేలుడు చంపలేని లైన్‌ను ఏం చంపింది? సరుకు పోవడం. కంటైనర్లు వచ్చాయి. 1989లో క్రీక్ అవతల న్హావా షేవాలో కొత్త పోర్టు తెరిచారు. పెట్టెలన్నీ అటు పోయాయి. ఇప్పుడు దాద్రీ నుంచి వచ్చే 1,506 కిలోమీటర్ల గూడ్సు కారిడార్ కూడా అక్కడికే. ఇటు రే రోడ్, కాటన్ గ్రీన్ దాటేటప్పుడు కిటికీలోంచి చూడండి, గడ్డిలో మునిగిన పట్టాలు కనపడతాయి. 2014లో రాణీ జాదవ్ కమిటీ నివేదిక ఇచ్చినప్పటి నుంచి అక్కడి భూమి మీద తోటలు, క్రూజ్ ఓడలు, టవర్లు అని మాట్లాడుతున్నారు. ఆ పట్టాల మీద ఒకప్పుడు అన్నం తిన్నవాళ్ల పేరు ఆ ప్లానుల్లో నాకు ఎక్కడా కనపడలేదు. (మన కామాఠిపురా రీడెవలప్‌మెంట్ కాగితాల్లో మన పేర్లు ఎట్లా ఉన్నాయో అది వేరే పోస్టు, ఇక్కడ మొదలుపెట్టను.)

సరుకు ఒక లైన్‌ను వదిలిపోతే దాని వెంట రిపేర్లు పోతాయి, సిబ్బంది పోతారు, తర్వాత "నష్టాల్లో ఉంది" అనే కాగితం వస్తుంది. మీ జేబులో పాత రైలు టికెట్ ఉంటే తీసి చూడండి. ప్రయాణం ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని దాని మీదే అచ్చేసి ఉండేది. మనకు అవమానంగా అనిపించే మాటే, లెక్క మాత్రం అదే. రైల్వే ఆదాయంలో సుమారు మూడింట రెండొంతులు సరుకుదే. మన జనరల్ టికెట్ చవకగా ఉండటానికి ఆ గ్రానైట్ దిమ్మెలు, ఆ బియ్యం మూటలే ఆధారం. 2023 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ ముద్‌ఖేడ్ – మేడ్చల్ డబ్లింగ్‌కు ఒప్పుకుంది. నిజామాబాద్ మీదుగా పోయే లైనే అది, మన దేవగిరి ఎక్స్‌ప్రెస్ పోయేది దాని మీదే. మన వినతిపత్రాలు చూసి ఒప్పుకున్నారని ఎవరైనా అనుకుంటే అనుకోండి. నా ఉద్దేశంలో సరుకు చూసి ఒప్పుకున్నారు. అయితే రెండో పట్టా పడ్డాక దాని మీద మన బండి కూడా పోతుంది.

ఇంకో సంగతి. పగలు గూడ్సులు ఆపితే ముందు దెబ్బ తగిలేది ఎవరికి? గ్రానైట్ సేఠ్‌కు కాదు, ఆయన దిమ్మె రాత్రి పోయినా పాడుకాదు. 2025 వానాకాలం గుర్తుంది కదా. యూరియా కోసం చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టిన ఫొటోలు ఈ గ్రూపులోనే ఎంతమంది పెట్టారు! మన ఇళ్ల నుంచే ఫోన్లు, "రేకు వచ్చిందట, దొరుకుతదా లేదా" అని. ఆ రేకు వచ్చేది ఈ లైన్ల మీదనే. ఒకరోజు ఆలస్యమైతే ఏమవుతుందో పొలం ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

తర్వాత హమాలీలు. మా చిన్నాన్న కొడుకు ఒక గూడ్సు షెడ్డులో మూటలు మోస్తాడు. ఒక బియ్యం రేకు అంటే సుమారు 2,600 టన్నులు. యాభై కిలోల మూటలైతే యాభై రెండు వేలు. ఇదే సరుకు రోడ్డు మీద పోవాలంటే నూరు లారీలు పైనే కావాలి. రేకు వచ్చిన నిమిషం నుంచి గడియారం నడుస్తుంది. ఇచ్చిన గంటల్లో ఖాళీ చేయకపోతే పార్టీకి డెమరేజ్ పడుతుంది. అందుకే కాంట్రాక్టర్ హమాలీని ఉరికిస్తాడు. రేకు పగలొస్తే పగలు, అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రి. మన కోరిక ప్రకారం గూడ్సులన్నీ రాత్రికే మారిస్తే వాడి బతుకంతా రాత్రే. ఇప్పటికే వాడు అంటాడు, "అన్నా, లైటు సక్కగ లేకపోతే మెట్టు కనపడదు, మూటతోని పడ్డోడు మళ్లీ లేస్తడో లేడో." రేకు అయిపోయాక కింద రాలిన గింజలు ఊడ్చుకోవడానికి వచ్చే ఆడవాళ్లున్నారు, వాళ్లూ రాత్రే రావాలి. మనం ఏ తాతల మనవళ్లమో మర్చిపోయి, ఇక్కడ కూర్చుని వాళ్ల డ్యూటీ మారుస్తున్నాం. మీటింగ్‌లో నాకు నిజంగా కష్టమనిపించింది ఇక్కడే.

గ్రానైట్ విషయంలో మీ కోపం న్యాయమే. గుట్టలు కరిగిపోతున్నాయి, చిన్నప్పుడు మేకలు కాసిన గుట్ట ఇప్పుడు గుంత. రాయల్టీ ఎగ్గొట్టారన్న కేసులు పేపర్లలో ఏళ్ల తరబడి చూస్తున్నాం. దుమ్ము మన ఊళ్లకు, డాలర్లు ఎవరికో. దాని మీద వేరే వినతిపత్రం రాయండి, గనుల శాఖకు, కలెక్టర్‌కు. మొదటి సంతకం నాది. అయితే రైలు ఆపినంత మాత్రాన గుట్ట ఆగదు. దిమ్మె లారీ ఎక్కుతుంది. మన ఊరి రోడ్డు మీద, బడి పిల్లల పక్క నుంచి పోతుంది. ఆ లారీలను చూసినవాళ్లు నా మాట కాదనరు.

మరి ఏం అడగాలి?

ముంబై బండి గురించి సెంట్రల్ రైల్వేను ముందు అడగాలి, సౌత్ సెంట్రల్‌కు నకలు పంపాలి. కొత్త బండి అంటే కుర్లాలో జాగా లేదంటారు. కాబట్టి కొత్త బండి ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా, ఇప్పటికే ముంబై నుంచి నాందేడ్ దాకా వచ్చి ఆగిపోయే బండ్లున్నాయి, తపోవన్, రాజ్యరాణి. వాటిలో రాత్రి నడిచేదాన్ని వారంలో రెండు మూడు రోజులైనా నిజామాబాద్ మీదుగా కరీంనగర్ దాకా పొడిగించగలరా అని అడగాలి. ముంబైలో కొత్త ప్లాట్‌ఫారం అక్కర్లేదు. ఇందులో చిక్కు లేదనను. బండి అదనంగా తిరిగి రావాలంటే ఇంకో రేకు కావాలి, నాందేడ్ వాళ్లు "మా సీట్లు పోతాయి" అంటారు. వాళ్లన్నదీ నిజమే. అందుకే నాందేడ్‌లో ఉన్న మన తెలుగువాళ్లతో ముందే మాట్లాడాలి. ఈ పని నాకు అప్పగిస్తే చేస్తాను.

లైన్ విషయంలో గూడ్సులను ఆపమనకుండా, క్రాసింగ్ స్టేషన్లలో పొడుగు లూపులు, రాత్రీ పగలూ సిబ్బంది అడగాలి. డబ్లింగ్ ఎక్కడి దాకా వచ్చిందో ఆరు నెలలకోసారి సమాచార హక్కు కింద అడిగి గ్రూపులో పెట్టాలి. మన కుర్రాళ్లలో కంప్యూటర్ చదివినవాళ్లు బోలెడుమంది ఉన్నారు, పది రూపాయల పని.

గూడ్సు షెడ్లలో లైట్లు, తాగే నీళ్లు, కూర్చునే రేకుల షెడ్డు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి. ఇది వినతిపత్రంలో ఒక్క వాక్యం కూడా లేదు. పెడితే కరీంనగర్‌లో హమాలీ సంఘాలు మన వెనక నిలబడతాయి. ముంబైలో రెండు వందల సంతకాలకు ఎవరూ లేవరు. అక్కడ రెండు వేలమంది అడిగితే ఎమ్మెల్యే లేస్తాడు, ఎంపీ లేస్తాడు.

చివరగా పార్సిల్. ఏ బండి వచ్చినా దానికి పార్సిల్ డబ్బా, కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లిలో దించేంతసేపు ఆపు అడగాలి. నవ్వకండి. మన గల్లీల దగ్గర రాత్రి ట్రావెల్స్ బస్సు ఎక్కేవాళ్లకు తెలుసు, బస్సు కప్పు మీద ఏముంటుందో. ఇటు నుంచి భివండి బట్టల మూటలు, పాత ఫ్రిజ్‌లు, పెళ్లి సామాను. అటు నుంచి బియ్యం, పసుపు, కారం, తొక్కు డబ్బాలు. పోయిన దసరాకు మా అత్తమ్మ పంపిన మామిడి తొక్కు డబ్బా బస్సు కప్పు మీద పగిలి, పక్కవాళ్ల పట్టుచీరల మూటంతా నూనె. ఎవరిదీ పూచీ లేదు, రసీదు లేదు. వాళ్ల చీరల డబ్బులు నేనే కట్టాను. ఈ సరుకంతా పద్ధతిగా రైలుకు చేరితే మన బండికీ ఆదాయం చూపించొచ్చు. "ప్రయాణికులు లేరు" అని ఒక సీజన్ చూసి స్పెషల్‌ను ఆపేయడానికి సాకు దొరకదు.

కొత్త డ్రాఫ్ట్ రాసి పెట్టాను, రెండు పేజీలు, తెలుగులో ఒకటి, మరాఠీలో ఒకటి. హిందీది ఎవరైనా చూడాలి, నా హిందీ నాగ్‌పాడా హిందీ, ఆఫీసుకు పనికిరాదు. వచ్చే ఆదివారం మీటింగ్‌కు తెస్తాను. నచ్చకపోతే పాతదాన్నే పంపండి, కానీ మూడో నంబరు కొట్టేసి పంపండి. కొట్టేస్తే అక్కడే సంతకం పెడతాను, పెన్ను కూడా నేనే తెస్తాను.